ఒక పేరు, ఇద్దరు హక్కుదారులు
దత్తాంశ పట్టికలలో పేర్ల తగవు, కంపైలరు హెచ్చరికలు

తిరుపతి అంటే ఏది? అది ఒక నగరం. 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి ఒక జిల్లా కూడా. ఒక లోక్‌సభ నియోజకవర్గానికి, ఒక శాసనసభ నియోజకవర్గానికి కూడా అదే పేరు. అయినా "రేపు తిరుపతి పోతున్నాం" అని ఎవరైనా అంటే, ఏ నియోజకవర్గానికి అని ఎదుటివాడు అడగడు. మాట ఏ సందర్భంలో వచ్చిందో దానిని బట్టి అర్థం చేసుకునే శక్తి మనిషికి ఉన్నది.

తడకు సమీపంలోని శ్రీసిటీ సంగతి ఇంకా చిత్రమైనది. ఈ పారిశ్రామిక నగరం సత్యవేడు, వరదయ్యపాలెం మండలాలలో వ్యాపించి ఉన్నది. ఆ మండలాలు 2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉండేవి. అయితే అప్పటికే సత్యవేడు శాసనసభ నియోజకవర్గం తిరుపతి లోక్‌సభ నియోజకవర్గంలో భాగం. కనుక "సత్యవేడు దేని కిందికి వస్తుంది?" అన్న ప్రశ్నకు ఆ రోజులలో చిత్తూరు అన్నా తప్పు కాదు, తిరుపతి అన్నా తప్పు కాదు. జిల్లా మారిన తరువాత కూడా, 2013లో అక్కడ ప్రారంభమైన ట్రిపుల్ ఐటీ తన అధికార నామంలో "శ్రీసిటీ, చిత్తూరు" అనే మాటలనే నిలుపుకొన్నది. ఆ పేరు చూసి విద్యార్థి ఎవడూ చిత్తూరు పట్నంలో బస్సు దిగి కళాశాల కోసం వెదకడు. ఒకవేళ దిగినా, దారి చెప్పేవారు దొరుకుతారు.

కంప్యూటరుకు ఇటువంటి లోకజ్ఞానం లేదు. దానికి ఒక పేరు ఇచ్చి, ఆ పేరుకు ఇద్దరు హక్కుదారులు ఉంటే, ముందుగా ఏర్పరచిన ఒక నియమం ప్రకారం అది ఒకరిని ఎన్నుకుంటుంది. ఎన్నుకున్న సంగతి మనకు చెప్పడమో, చెప్పకపోవడమో ఆ యంత్రభాషను నిర్మించినవారి నిర్ణయాన్ని బట్టి ఉంటుంది. చెప్పినట్లయితే దానిని హెచ్చరిక అంటారు. చెప్పకపోతే ఏమి జరుగుతుందో చూద్దాం.

ఏ కర్మాగారంలోనైనా, కార్యాలయంలోనైనా ఇప్పుడు లెక్కలన్నీ డేటాబేస్ అనే దత్తాంశ నిధిలో ఉంటున్నవి. పాఠశాలలోని హాజరు పట్టీ వంటి పట్టికలే అందులోనూ ఉంటాయి. అడ్డు వరుస ఒక్కొక్కటి ఒక మనిషిని గూర్చో, ఒక వస్తువును గూర్చో చెబుతుంది. నిలువు వరుస ఒక్కొక్కదానికి ఒక పేరు ఉంటుంది: ఇంటిపేరు, జీతం, చేరిన తేదీ అని. ఈ పట్టికలతో పని చేయించడానికి ప్రోగ్రాము వ్రాస్తారు. ప్రోగ్రాములో తాత్కాలికంగా విలువలను దాచుకునే పాత్రలు ఉంటాయి. బీజగణితంలో వలెనే వీటిని చలరాశులు అంటారు. మనిషి వ్రాసిన ప్రోగ్రామును యంత్రం అమలు చేయగల రూపంలోకి మార్చేది కంపైలరు. మార్చేటప్పుడు ప్రతి పేరు దగ్గర ఆగి, "ఇది ఎవరి పేరు?" అని తేల్చుకోవడం దాని పనులలో ముఖ్యమైనది.

నిలువు వరుసకూ చలరాశికీ ఒకే పేరు పెట్టడం చాలా సహజం. ఇంటిపేరు అనే వరుసలో వెదకవలసిన విలువను దాచే చలరాశికి కూడా ఇంటిపేరు అనే పేరే తోచుతుంది. ప్రోగ్రాము వ్రాసేవాని సోమరితనం అని దీనిని తోసిపుచ్చకూడదు. వస్తువుకు తగిన పేరు పెట్టమని మనమే కదా బోధిస్తాము!

దీనివలన వచ్చే ప్రమాదానికి చక్కని ఉదాహరణ ఒరాకిల్ అనే ప్రసిద్ధ డేటాబేస్ నిర్మాతలు తమ పీఎల్ ఎస్‌క్యూఎల్ భాషకు వ్రాసిన గ్రంథంలోనే ఉన్నది. అభ్యాసం కోసం వారు ఇచ్చే ఉద్యోగుల పట్టికలో 107 అడ్డు వరుసలు ఉన్నవి. వారిలో కింగ్ అనే ఇంటిపేరు గలవారు ఇద్దరు. ఆ ఇద్దరినీ పట్టికనుండి తొలగించాలి. ప్రోగ్రాములో ఇంటిపేరు అనే చలరాశిని పెట్టి, అందులో "కింగ్" అనే విలువను ఉంచారు. తరువాత ఇచ్చిన ఆదేశం తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది:

ఉద్యోగులు పట్టికనుండి తొలగించు, ఎక్కడ ఇంటిపేరు = ఇంటిపేరు.

వ్రాసినవాని మనసులో ఎడమవైపుది నిలువు వరుస, కుడివైపుది చలరాశి. ఆంగ్లంలో ఒకదానిని పెద్ద అక్షరాలతోను, రెండవదానిని చిన్న అక్షరాలతోను వ్రాశారు. మనిషి కంటికి ఆ తేడా కనబడుతుంది గాని, ఆ భాషలో పేర్లకు పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే భేదం లేదు. ప్రోగ్రాము ఏ దోషమూ లేకుండా నడిచింది. చివరకు వచ్చిన సమాధానం: 107 వరుసలు తొలగించబడినవి.

ఇద్దరిని పంపించబోతే పట్టికంతా ఖాళీ అయింది! కారణం ఏమనగా, ఒరాకిల్ నియమం ప్రకారం పట్టికను గూర్చిన ఆదేశంలో ఒక పేరు వరుసకూ చలరాశికీ కూడా వర్తించేటట్లు ఉంటే, హక్కు వరుసదే. కాబట్టి యంత్రం ఒక్కొక్క ఉద్యోగి దగ్గరకు వెళ్ళి వేసిన ప్రశ్న "నీ ఇంటిపేరు కింగా?" అన్నది కాదు, "నీ ఇంటిపేరు నీ ఇంటిపేరేనా?" అన్నది. కాదనే ఉద్యోగి ఎవడుంటాడు?

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న ఉద్యోగి ఎవరైనా ఉండి ఉంటే, ఆ ఒక్కడు బతికి బయటపడేవాడు. డేటాబేస్ తర్కంలో ఖాళీ అంటే "తెలియదు" అని అర్థం. తెలియనిది తెలియనిదానితో సమానమా అని అడిగితే జవాబు కూడా "తెలియదు" అనే వస్తుంది, "అవును" అని రాదు. కాని ఆ అభ్యాస పట్టికలో ఇంటిపేరు తప్పక నింపవలసిన గడి. కనుక ఎవరూ మిగలలేదు.

దీనిని విన్నవారికి వెంటనే తోచే పరిష్కారం ఒకటున్నది: హక్కు వరుసకు కాక చలరాశికి ఇస్తే సరిపోతుంది కదా? సరిగ్గా ఆ నియమాన్నే పాటించే డేటాబేస్ ఒకటి ఉన్నది. మై ఎస్‌క్యూఎల్‌లో నిల్వచేసిన ప్రోగ్రాములలో వరుసకూ చలరాశికీ ఒకే పేరుంటే చలరాశిదే గెలుపు. పై ఆదేశాన్నే అక్కడ నడిపితే ఏమవుతుంది? రెండువైపులా ఉన్నది చలరాశే అవుతుంది. యంత్రం ప్రతి ఉద్యోగి ముందు నిలబడి, అతని ముఖం కూడా చూడకుండా, "కింగ్ అంటే కింగేనా?" అని అడుగుతుంది. అవునన్నదే జవాబు. మళ్ళీ పట్టిక ఖాళీ! ఇద్దరు తీర్పరులు ఒకరికొకరు పూర్తిగా వ్యతిరేకమైన తీర్పులు చెప్పారు. నష్టం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. ఏ నియమం మంచిదన్న వాదన, కనీసం ఈ సందర్భంలో, నిరర్థకమని దీనివలన తేలుతున్నది. ఒకే పేరును రెండుచోట్ల పలికి, వేరువేరు అర్థాలు తీసుకొమ్మని కోరడమే అసలు చిక్కు.

మూడవ మార్గం పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ది. మొదట అదీ చలరాశి పక్షమే వహించేది. 2010లో వెలువడిన 9.0 సంచికతో ఆ పద్ధతిని విడిచిపెట్టింది. అప్పటినుండి అటువంటి పేరు ఎదురైతే, ఇది చలరాశి కావచ్చు, పట్టికలోని వరుస కావచ్చు, సందిగ్ధంగా ఉన్నది అని చెప్పి పని ఆపివేస్తుంది. పాత ప్రోగ్రాములు ఆగిపోయి చిక్కుపడే వారికోసం, చలరాశినే తీసుకో అనిగాని, వరుసనే తీసుకో అనిగాని ముందుగా చెప్పుకునే వీలు కూడా కల్పించారు. ఆగిపోయే ప్రోగ్రాము చికాకు కలిగిస్తుందన్నది నిజమే. అయినా మూడు పద్ధతులలోను ఉద్యోగుల పట్టికను కాపాడినది ఇదొక్కటే. ఒక లోపం మాత్రం ఉన్నది: ప్రోగ్రామును నిల్వచేసే సమయంలో ఈ సందిగ్ధం బయటపడదు, ఆ ఆదేశం నడిచే సమయంలోనే బయటపడుతుంది. ఏడాదికొకసారి నడిచే ఆదేశమైతే ఏడాదికొకసారే తెలుస్తుంది.

ఇక నివారణ సంగతి. ఉపాధ్యాయులకు ఇది కొత్త కాదు. తరగతిలో ఇద్దరు మునిరత్నాలు ఉంటే హాజరు పిలిచేటప్పుడు ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని కలిపి పిలుస్తారు. పేరు మార్చుకొమ్మని ఎవరినీ కోరరు. డేటాబేస్ భాషలలో కూడా ప్రతి పేరుకూ ఇటువంటి ఇంటిపేరు ఉన్నది. పట్టిక పేరు వ్రాసి, చుక్క పెట్టి, వరుస పేరు వ్రాస్తే అది ఆ పట్టికలోని వరుసే అవుతుంది. ఒరాకిల్‌లో ప్రోగ్రాము భాగానికి "మెయిన్" వంటి ఒక గుర్తు తగిలించి, మెయిన్ చుక్క ఇంటిపేరు అని వ్రాస్తే అది చలరాశే అవుతుంది. పై గ్రంథంలోనే ఈ సవరణ చేసి మళ్ళీ నడిపి చూపించారు: తొలగించబడినవి 2 వరుసలు.

అయితే ఇంటిపేరును ఎవరికి తగిలించాలన్నది ముఖ్యం. ఒరాకిల్‌లో వరుసకు మాత్రమే తగిలించి, ఉద్యోగులు చుక్క ఇంటిపేరు = ఇంటిపేరు అని వ్రాస్తే ప్రయోజనం శూన్యం. కుడివైపున ఒంటరిగా ఉన్న పేరును యంత్రం మళ్ళీ వరుసగానే గ్రహిస్తుంది. మై ఎస్‌క్యూఎల్‌లో అదే వాక్యం సరిగా పనిచేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో సందిగ్ధమనే వస్తుంది. ఒకచోట నేర్చిన అలవాటును మరొకచోటికి తీసుకువెళ్ళేవారు ఇక్కడే దెబ్బతింటారు. చలరాశి పేర్లన్నిటికీ ముందు "వి" అనే అక్షరం చేర్చడం మరొక ఆచారం. అది మంచి ఆచారమే గాని, ఆచారం ఆచారమే. రేపు ఎవరైనా ఆ అక్షరంతోనే మొదలయ్యే వరుసను పట్టికలో చేర్చితే ఆపగలవారు లేరు.

ఈ ఇంటిపేరు ఆలోచన డేటాబేస్ శాస్త్రంతోపాటే పుట్టిందని చెప్పవచ్చు. ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో పట్టికల పద్ధతికి గణిత పునాది వేస్తూ ఒక వ్యాసం ప్రకటించాడు. అందులో ఆయన తీసుకున్న ఒక ఉదాహరణ కర్మాగారాల వారికి బాగా తెలిసినది: ఏ భాగంలో ఏ భాగం ఎన్ని ఉన్నవి అనే పట్టిక. ఒక చక్రంలో ఇన్ని మేకులు, ఒక బండిలో ఇన్ని చక్రాలు అన్నట్లు. ఇందులో రెండు నిలువు వరుసల పేరూ "భాగం" అనే కావాలి! శ్రీసిటీలో వాహనాలు తయారయ్యే కర్మాగారాలలోనూ ఇటువంటి పట్టిక లేనిదే పని జరగదు. కాడ్ చూపిన ఉపాయం ఏమనగా, ఒకదానికి "ఉప", రెండవదానికి "అధి" అని, అవి వహించే పాత్రను బట్టి ఒక విశేషణం చేర్చడం. పట్టికలతో మాట్లాడటానికి నాలుగేళ్ళ తరువాత అదే సంస్థలో డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ సీక్వెల్ అనే భాషను రూపొందించారు. ఆ పేరు అప్పటికే ఇంగ్లండులోని ఒక విమాన పరిశ్రమ సంస్థకు వాణిజ్య చిహ్నంగా ఉండటం వలన దానిని ఎస్‌క్యూఎల్‌గా కుదించవలసి వచ్చింది. పేర్ల తగవులను తీర్చవలసిన భాష తానే ఒక పేరు తగవులో చిక్కుకున్నదన్నమాట.

ఇంతవరకు చూచినది వ్రాసేటప్పుడే దొర్లే పొరపాటు. అంతకంటె భయంకరమైనది మరొకటున్నది: వ్రాసినప్పుడు సక్రమంగా ఉన్న ప్రోగ్రాము, దానిని ఎవరూ ముట్టుకోకుండానే తప్పు ప్రోగ్రాముగా మారడం.

జిల్లాల విభజననే ఆధారంగా తీసుకొని ఒక చిన్న పట్టికను ఊహించుకుందాం. అందులో మండలం, జిల్లా అని రెండే నిలువు వరుసలు. అడ్డు వరుసలు ఐదు: సత్యవేడు, వరదయ్యపాలెం, తడ, వీటి జిల్లా తిరుపతి, కుప్పం, పలమనేరు, వీటి జిల్లా చిత్తూరు. పాత జిల్లాలోనే మిగిలిపోయిన మండలాలేవో చెప్పడానికి ఒక గుమాస్తా ఒరాకిల్‌లో ప్రోగ్రాము వ్రాశాడనుకుందాం. ఏ జిల్లా సంగతి కావాలో అడిగి, ఆ జవాబును పాత_జిల్లా అనే చలరాశిలో ఉంచుతాడు. జిల్లా = పాత_జిల్లా అయిన మండలాలను చూపమంటాడు. చిత్తూరు అని చెబితే కుప్పం, పలమనేరు వస్తాయి. నెల్లూరు అని చెబితే ఈ పట్టికలో ఏదీ రాదు. రెండూ సరియైన జవాబులే.

కొన్నాళ్ళకు, మండలాల పూర్వచరిత్ర కూడా నమోదు కావాలని మరొకరు పట్టికలో పాత_జిల్లా అనే కొత్త నిలువు వరుసను చేర్చి, తడకు నెల్లూరు అని, తక్కిన నాలుగింటికి చిత్తూరు అని నింపుతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కాని ఆ క్షణంనుండి గుమాస్తా ప్రోగ్రాములోని పాత_జిల్లా అనే మాటపై చలరాశికి హక్కు పోయింది. పట్టిక మారినప్పుడు, దానిపై ఆధారపడిన ప్రోగ్రామును అవసరమైతే ఒరాకిల్ తనంతట తానే తిరిగి కంపైలు చేసుకుంటుంది. కొత్త అర్థం చడీచప్పుడు లేకుండా అమలులోకి వస్తుంది. ఇప్పుడు యంత్రం చూసేది ప్రతి మండలానికీ ఇప్పటి జిల్లా, పాత జిల్లా ఒకటేనా అని. చిత్తూరు అని అడిగితే కుప్పం, పలమనేరు వస్తాయి. పరీక్షించినవారు తృప్తిపడతారు. నెల్లూరు అని అడిగినా కుప్పం, పలమనేరే వస్తాయి. ఏ జిల్లా అడిగినా అవే వస్తాయి!

ఒరాకిల్ గ్రంథాలు దీనిని పేరు చెరపట్టబడటం అన్న అర్థమిచ్చే మాటతో వ్యవహరిస్తున్నవి. బయటి పరిధిలోని చలరాశికి చెందిన పేరును, లోపలి పరిధిలోని పట్టిక చెరపట్టింది. గుమాస్తా మొదటే చలరాశికి ఇంటిపేరు తగిలించి ఉంటే, పట్టికలో ఎన్ని వరుసలు చేరినా ఆ పేరును ఎవరూ చెరపట్టలేకపోయేవారు.

ఇన్ని చిక్కులు ఉన్నప్పుడు కంపైలరు ముందుగానే చెప్పకూడదా? కొన్నిటిని చెబుతుంది. ఒరాకిల్ 10జీ సంచికనుండి పీఎల్ ఎస్‌క్యూఎల్ కంపైలరుకు హెచ్చరికలు చేసే శక్తి వచ్చింది. దోషానికీ హెచ్చరికకూ భేదం ఉన్నది. దోషం ఉంటే ప్రోగ్రాము తయారుకాదు. హెచ్చరిక ఉన్నా తయారవుతుంది, నడుస్తుంది. ఈ హెచ్చరికలు మూడు తరగతులు: తీవ్రమైనవి, వేగానికి సంబంధించినవి, కేవలం తెలియజేసేవి. పేర్ల తగవులను గూర్చినవి తీవ్రమైనవాటిలో కనబడతాయి. ఉదాహరణకు, భాషలో పుట్టుకతో ఉన్న ఒక ప్రమేయం పేరునే ఎవరైనా తన సొంత ప్రమేయానికి పెడితే, ఈ పేరు భాషలో ఇదివరకే ఉన్నదని 5004 సంఖ్యగల హెచ్చరిక వస్తుంది. కావాలనుకుంటే ఒక హెచ్చరికను దోషంతో సమానంగా పరిగణించమని కూడా ఆజ్ఞాపించవచ్చు. అప్పుడు ఆ ప్రోగ్రాము తయారుకాదు.

కాని ఈ సౌకర్యమంతా మొదట మూతపెట్టే ఉంటుంది. అడిగినవారికే హెచ్చరికలు, అడగనివారికి మౌనం. ఇది ఒక్క ఒరాకిల్ విషయమే కాదు. సీ భాషకు బహుళ ప్రచారంలో ఉన్న జీసీసీ కంపైలరులో, లోపలి పేరు బయటి పేరును కప్పివేస్తే చెప్పే హెచ్చరిక ఒకటి ఉన్నది. అదే కంపైలరులో "అన్ని హెచ్చరికలూ" అనే అర్థం వచ్చే మరొక మీట ఉన్నది. ఆ మీట నొక్కినా ఈ హెచ్చరిక మాత్రం అందులో చేరదు, విడిగా అడగవలసిందే! నిర్మాతల పక్షాన కూడా ఒక న్యాయం లేకపోలేదు. లోపలి పేరు బయటి పేరును కప్పడం చాలా భాషలలో చట్టబద్ధమైన ప్రక్రియ. చాలాసార్లు దానివలన ఏ హానీ ఉండదు. హానిలేని చోటల్లా గంట మోగుతూ ఉంటే, నిప్పు అంటుకున్న రోజున మోగే గంటను కూడా ఎవరూ వినరు. అయినా పట్టికలమీద తొలగింపు ఆదేశాలు నడిపే ప్రోగ్రాముల విషయంలో మౌనాన్ని సమర్థించడం కష్టం. అక్కడ తప్పుకు మూల్యం చెల్లించేది ప్రోగ్రాము వ్రాసినవాడు కాదు, ఆ పట్టికలో పేరున్నవాడు.

డేటాబేస్ పాఠం చెప్పే ఉన్నత పాఠశాలలలో ఈ తగవును ఏ హానీ లేకుండా, అరగంటలో కళ్ళకు కట్టించవచ్చు. కేంద్ర బోర్డు పాఠశాలలలో వాడే మై ఎస్‌క్యూఎల్ చాలు. చలరాశులు కూడా అక్కరలేదు. విద్యార్థులు అనే పట్టికలో రోల్_నంబరు, పేరు అని రెండు వరుసలు పెట్టి ఐదుగురిని చేర్చాలి. ఫీజు అనే పట్టికలో క్రమసంఖ్య, మొత్తం అని రెండు వరుసలు పెట్టి, కట్టిన ఒక్కరి సంగతి చేర్చాలి. రోల్ నంబరును ఇక్కడ క్రమసంఖ్య అన్నారని గమనించాలి. ఇప్పుడు, ఫీజు పట్టికలోని రోల్_నంబర్లలో ఎవరి రోల్_నంబరు ఉన్నదో ఆ విద్యార్థులను చూపమని, ప్రశ్నలో ప్రశ్నగా అడగాలి. ఫీజు పట్టికలో రోల్_నంబరు అనే వరుసే లేదు కాబట్టి దోషం వస్తుందని విద్యార్థులు ఊహిస్తారు. దోషం రాదు. లోపలి పట్టికలో ఆ పేరు దొరకక, యంత్రం బయటి పట్టికలోనిదాన్ని తెచ్చుకుంటుంది. ఫీజు కట్టినది ఒక్కరైనా ఐదుగురి పేర్లూ వస్తాయి. ఫీజు పట్టికలోని ఆ ఒక్క అడ్డు వరుసనూ తీసివేసి మళ్ళీ అడిగితే ఒక్క పేరూ రాదు; ఎందువలనో విద్యార్థులనే ఆలోచించమనవచ్చు. చివరకు లోపలి ప్రశ్నలో ఫీజు చుక్క రోల్_నంబరు అని ఇంటిపేరుతో సహా వ్రాసి నడిపితే, అటువంటి వరుస ఏదీ లేదని యంత్రం అప్పటికి చెబుతుంది.